ఆరుగురు ఫ్రెండ్స్, రెండు సఫారీలు: బెంగళూరు నుంచి కబిని అడవికి ఎలా వెళ్లాలి

"మామా, ఈసారి గోవా వద్దు, అడవికెళ్దాం." బెంగళూరులో ఏ తెలుగు ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులోనైనా ఏడాదికి రెండుసార్లు ఈ మెసేజ్ పడుతుంది. ఐదు నిమిషాల్లో పది థంబ్సప్‌లు వచ్చేస్తాయి. "సరే, డేట్ చెప్పండి" అనగానే గ్రూపంతా నిశ్శబ్దం. అందులో సగం నిశ్శబ్దం సఫారీ బండిలో పాటించి ఉంటే మా మొదటి ట్రిప్పులోనే పులి కనిపించేదని ఇప్పటికీ నా నమ్మకం. ఆ ట్రిప్పు ఎలా చెడిందో మధ్యలో చెబుతాను. ఆ తర్వాత మూడుసార్లు వెళ్లాం. తప్పులు చేసి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఏ అడవో తేల్చుకోండి

ఊళ్లోనే బన్నేరుఘట్ట ఉంది కదా అని ఎవరో ఒకరు అంటారు. అక్కడ సఫారీలో కనిపించే సింహాలు, పులులు, ఎలుగుబంట్లు కంచె లోపల ఉండేవి. చిన్నపిల్లలుంటే హాయిగా వెళ్లొచ్చు, సీతాకోకచిలుకల పార్కు కూడా బాగుంటుంది. కానీ "కనిపిస్తుందో లేదో" అనే ఉత్కంఠ కోసం వెళ్లేవాళ్లకు అది చాలదు.

అసలు అడవి కావాలంటే మైసూరు దాటాలి. అక్కడ బండీపుర, నాగరహొళె పక్కపక్కనే ఉంటాయి, మధ్యలో కబిని జలాశయం. 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైనప్పుడు దేశంలో మొదటగా ఎంపిక చేసిన తొమ్మిది పులుల అభయారణ్యాల్లో బండీపుర ఒకటి. 2022 లెక్కల్లో అక్కడ 150 పులులు తేలితే, నాగరహొళెలో 141. అంటే పులుల విషయంలో రెండిటికీ పెద్ద తేడా లేదు. తేడా అంతా నీళ్లలో ఉంది. నాగరహొళె దక్షిణ కొసన, హెచ్.డి.కోటె వైపున్న కబిని భాగంలో జలాశయం ఒడ్డంతా జంతువులకు వాకిలి లాంటిది. నదిలోంచి బోటు సఫారీ కూడా ఉంటుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను కబినినే చెబుతాను. బెంగళూరు నుంచి సుమారు 220 కిలోమీటర్లు.

నాగరహొళెకు వేర్వేరు వైపుల వేర్వేరు గేట్లున్నాయని మర్చిపోకండి. హుణసూరు వైపు వీరనహొసహళ్లి, కొడగులో కుట్ట వైపు నాణచ్చి, కబిని వైపు దమ్మనకట్టె. మ్యాప్‌లో "నాగరహొళె" అని కొట్టి, చూపించిన దారి పట్టుకుని పోతే మీ సఫారీ ఒక గేటు దగ్గర, మీరు ఇంకో గేటు దగ్గర. బుకింగ్‌లో ఉన్న గేటు పేరే మ్యాప్‌లో పెట్టండి.

ఎప్పుడు వెళ్లాలి

ఏనుగుల కోసమైతే మార్చి నుంచి మే. కబిని డ్యామ్ 1974లో పూర్తయింది. వేసవిలో జలాశయం తగ్గేకొద్దీ ఒడ్డున తడి నేల బయటపడి పచ్చగడ్డి మొలుస్తుంది. చుట్టూ అడవి ఎండిపోయి ఉన్నప్పుడు నీళ్లూ మేతా ఒకేచోట దొరికితే ఏనుగులు ఇంకెక్కడికి పోతాయి? మందలు మందలుగా అక్కడికే దిగుతాయి. ఎండ మాత్రం గట్టిగా ఉంటుంది. ఫిబ్రవరి, మార్చిలో వెళ్తే ఆకు రాల్చిన మోదుగ చెట్లు ఒళ్లంతా ఎర్రగా పూసి కనిపిస్తాయి. ఆకులు తక్కువ కాబట్టి పొదల వెనక ఏముందో కూడా కంటికి అందుతుంది.

నవంబర్ నుంచి జనవరి దాకా చలి, పొగమంచు. ఫొటోలకు బాగుంటుంది గానీ పొద కాస్త దట్టం. వానాకాలం పచ్చదనానికే తప్ప జంతువులకు కాదు.

లాంగ్ వీకెండ్ మాత్రం వద్దు. ఒక బుధ, గురువారాలకు లీవ్ పెట్టుకోండి. మేనేజర్‌కు చెప్పుకోవడం కష్టమే, కానీ ఒక్క పులి చుట్టూ బండ్లు వరస కట్టడం చూశాక ఆ కష్టమే నయమనిపిస్తుంది.

బయల్దేరే వారం ముందు సఫారీ నడుస్తోందో లేదో తప్పకుండా కనుక్కోండి. కార్చిచ్చు భయం వల్లనో, వానల వల్లనో ఆపేయడం ఉంటుంది. 2025 నవంబర్‌లోనైతే ఊళ్లలో మనుషుల మీద పులులు వరసగా దాడి చేశాక బండీపుర, నాగరహొళె రెండింటిలోనూ సఫారీలు నిలిపేశారు. అడ్వాన్సులు కట్టి కూర్చున్నవాళ్లకు అదొక పాఠం. రూము బుక్ చేసేటప్పుడే డబ్బు వాపసు సంగతి అడిగి పెట్టుకోండి.

మనుషుల్ని తగ్గించండి, తర్వాత బుక్ చేయండి

పదిమంది వస్తామన్నా ఆరుగురితో ఆగండి. ఒక జీపులో సర్దుకుపోవచ్చు, ఒకే పెద్ద కారులో వెళ్లొచ్చు. అంతకన్నా ముఖ్యమైన కారణం ఇంకోటి ఉంది: ఆరుగురి నోళ్లు మూయించడమే గగనం.

అటవీ శాఖ బస్సు సఫారీ చవక. జీపు సఫారీలు కర్ణాటక ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్ చేతిలో ఉంటాయి, ఖర్చెక్కువ. డబ్బులు చూసుకోవాలంటే నా సలహా ఇదీ: రెండు బస్సు సఫారీలు ఒక జీపు సఫారీ కన్నా మేలు. బస్సు ఎత్తుగా ఉంటుంది కాబట్టి పొదల పైనుంచి కనిపిస్తుంది. జంతువు ఏ సఫారీలో కనిపిస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఒకే సఫారీ మీద ట్రిప్పంతా పెట్టకండి. ఒక సాయంత్రం, మర్నాడు పొద్దున. ఇదే నా లెక్క.

ఒకరి పేరుమీదే బుకింగ్ పెట్టండి, డబ్బులు ముందే వసూలు చేయండి. "తర్వాత ఫోన్‌పే చేస్తా మామా" అన్నవాడు తర్వాత చేయడు. టికెట్, అందరి ఒరిజినల్ గుర్తింపు కార్డులు దగ్గరుంచుకోండి. అడవి దగ్గర నెట్‌వర్క్ నమ్మకం లేదు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. కాస్త నగదు కూడా.

బ్యాగులో ఏం పెట్టాలి

మట్టి రంగు, ఆకుపచ్చ, బూడిద రంగు బట్టలు. తెల్లచొక్కా, మెరిసే ఎరుపు వద్దు. ఘాటు సెంటు కొట్టుకోకండి. డిసెంబర్ పొద్దున ఓపెన్ జీపులో చలి ఎముకలు కొరుకుతుంది, జాకెట్ ఉండాలి. వేసవిలో దుమ్ముకు ముక్కుకి కట్టుకోవడానికి తువ్వాలు.

కెమెరా కన్నా ముందు బైనాక్యులర్స్ సంపాదించండి. వాటిమీద 8×42 అని రాసుంటే, ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తాయని, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లని అర్థం. పొద్దున్నే మసక వెలుతురులో అవి బాగా పనిచేస్తాయి. పది రెట్లవి కొంటే బండి ఊగుతుంటే బొమ్మ కూడా ఊగుతుంది. ఇద్దరికి ఒకటి చాలు. పెద్ద లెన్సులకు విడిగా ఫీజు ఉంటుంది. ఫోన్ల గురించి గేటు దగ్గర ఏం చెబితే అది వినండి, వాదించకండి.

చిప్స్ ప్యాకెట్లు బ్యాగు అడుగున పడేయండి. ఆ ప్లాస్టిక్ గరగర జింకకు మీకన్నా ముందు వినిపిస్తుంది.

దారిలో టైమ్ ఎక్కడ పోతుంది

మేము చెడింది ఇక్కడే. బెంగళూరు మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే 119 కిలోమీటర్లు, 2023 మార్చిలో ప్రారంభించారు. బిడది, రామనగర, చన్నపట్న, మద్దూరు, మండ్య ఊళ్లన్నీ పక్కకి తప్పుకుపోయాయి. బైకులకు ప్రవేశం లేదు. సర్రున వెళ్లిపోవచ్చు కదా అనుకున్నాం. కానీ మాలో ఒకడికి బిడది తట్టె ఇడ్లీ తినాల్సిందే. దిగాం. తిన్నాం. "ఇంకో ప్లేటు" అన్నాడు. మళ్లీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కడానికి సర్వీస్ రోడ్డులో తిరిగాం. మైసూరు ఊళ్లో ట్రాఫిక్. హెచ్.డి.కోటె దాటాక సన్నటి రోడ్డు, ఎదురుగా ఆవుల మంద. గేటుకు చేరేసరికి మా బస్సు వెళ్లిపోయి పావుగంట. డబ్బు పోయింది, పైగా ఆ ఇడ్లీవాడి మీద ఆ రాత్రంతా చర్చ.

కాబట్టి సాయంత్రం సఫారీ ఉన్నరోజు బెంగళూరులో ఐదున్నరకల్లా కదలండి. ఇంట్లోంచి పులిహోర కట్టుకెళ్తే దారిలో దిగే పని తప్పుతుంది. గేటు దగ్గర గంట ముందు ఉండండి.

కోటె దాటాక మానందవాడి వెళ్లే దారి కాకనకోటె అడవిలోంచి పోతుంది. రాత్రిపూట ఆ దారి మూసేస్తారు. పగలైనా కారు ఆపకూడదు, దిగకూడదు, హారన్ కొట్టకూడదు. రోడ్డు పక్కన ఏనుగు కనిపించగానే కిందకి దిగే మొనగాళ్లు ఉంటారు. 2025 ఆగస్టులో బండీపుర దారిలో ఏనుగుతో ఫొటోకి దిగి, దాని కాళ్ల కింద పడి బతికి బయటపడ్డాయనకు తర్వాత 25,000 రూపాయల జరిమానా కూడా పడింది.

ఈ దారిలోనే బళ్లె ఏనుగుల క్యాంపు. మైసూరు దసరాలో 750 కిలోల బంగారు అంబారీని 2012 నుంచి 2019 దాకా ఎనిమిదిసార్లు మోసిన అర్జున ఇక్కడి ఏనుగే. 2023 డిసెంబర్‌లో హాసన్ జిల్లాలో అడవి ఏనుగును పట్టే పనిలో ఆ ఏనుగు చేతిలోనే చనిపోయింది. ఊరేగింపులో పూలదండలు వేసుకున్న అర్జునను చూసినవాళ్లకు ఆ చావు ఇప్పటికీ మింగుడుపడదు.

నాలుగు కన్నడ మాటలు

డ్రైవర్లతో, గైడ్లతో ఇంగ్లీషు మాట్లాడకండి. "అణ్ణా" అని మొదలుపెట్టండి. తెలుగువాళ్లకు కన్నడ అడవి సులువు: మన ప చాలాచోట్ల వాళ్లకు హ. పాలు హాలు అయినట్టే పులి హులి అవుతుంది. ఏనుగు ఆనె, ఎలుగుబంటి కరడి, కణితి (సాంబార్ అనే పెద్ద జింక) కడవె. హొళె అంటే వాగు. "హులి" అని డ్రైవరు గొణిగితే ఎవడో అనువదించేదాకా ఆగక్కర్లేదు.

వాచర్లలో, మావటీల్లో చాలామంది జేను కురుబలు. ఈ అడవి వాళ్ల తాతలనాటి ఇల్లు. వాళ్లు ఒక వైపు చూస్తుంటే మీరూ అటే చూడండి.

బండి ఎక్కాక: కళ్లు తర్వాత, చెవులు ముందు

ఇక అసలు సంగతి. పులిని కళ్లతో వెతికితే దొరకదు. నారింజ రంగు మీద నల్లచారలు మనకు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి గానీ, జింక కంటికి ఆ నారింజా, గడ్డి పచ్చా ఒకటే. పైగా ఈ అడవిలో లంటానా విపరీతం. మన వైపు తలంబ్రాల చెట్టు అంటారే, అదే. దాని వెనక ఇరవై అడుగుల దూరంలో పులి పడుకున్నా కనిపించదు. అందుకే పులిని మీరు వెతకరు. జింకలు, కోతులు వెతికి పెడతాయి. మీరు వాటిని వింటారు.

మూడు గొంతులు గుర్తుపెట్టుకుంటే చాలు. చుక్కల జింకది పదునైన, సన్నటి కూత. దూరం నుంచి వింటే పిట్ట అనుకుంటారు. కూస్తూ తోక పైకెత్తి, మెడ సాచి ఒకేవైపు చూస్తుంది. అయితే జింక పిరికిది, చిరుతకీ కూస్తుంది, రేచుకుక్కకీ కూస్తుంది, అనుమానానికీ కూస్తుంది. కొండముచ్చుది దగ్గులాంటి మొరుగు. చెట్టు కొసన కూర్చుని కింద కదిలేదాన్ని చూస్తుంది కాబట్టి దాని మాటకు విలువెక్కువ. కింద జింకలు, పైన కొండముచ్చులు కలిసి మేస్తుంటాయి చూడండి. పైనుంచి రాలే ఆకులు వీటికి తిండి, వీటి ముక్కు వాటికి కాపలా.

అన్నిటికన్నా నమ్మాల్సింది కణితిని. పెద్ద ఒళ్లు, ముతక గొంతు, "ఢాంక్" మని ఒక్క అరుపు. ముందు కాలితో నేలను తన్ని మళ్లీ అరుస్తుంది. కణితి ఆగకుండా అరుస్తుందంటే పెద్దపులో చిరుతో దాని కంటపడిందని డ్రైవర్ల నమ్మకం. ఆ అరుపు వినపడగానే అనుభవమున్న డ్రైవరు ఇంజిన్ ఆపేస్తాడు.

మొదటి ట్రిప్పులో, ఆ ఇడ్లీ గొడవ అయిన మర్నాడు పొద్దున, ఇదే జరిగింది. డ్రైవరు టక్కున ఇంజిన్ ఆపాడు. చెయ్యి పైకెత్తాడు. ఎక్కడో ఎడమవైపు "ఢాంక్". టేకు చెట్ల మధ్య ఏమీ కదల్లేదు. మళ్లీ "ఢాంక్", ఈసారి దగ్గరగా. డ్రైవరు మెడ అంగుళం కూడా తిప్పలేదు, కళ్లు మాత్రం రోడ్డు మీద ఒకచోట నిలిపాడు. సరిగ్గా అప్పుడు మా వెనక సీటులోంచి: "ఏదిరా? ఎక్కడరా? నాకు కనపడట్లేదు, జరగరా!" కణితి ఆగిపోయింది. అడవంతా ఆగిపోయింది. పది నిమిషాలు చూసి డ్రైవరు బండి తీశాడు, ఒక్క మాట అనలేదు. ముందుకెళ్లాక రోడ్డు మీద దుమ్ములో పాదముద్రలు చూపించాడు. నలుచదరంగా, నా అరచేతికన్నా పెద్దవి. మగపులివి చదరంగా, ఆడపులివి కాస్త కోలగా ఉంటాయట. అప్పుడే దాటింది.

అందుకే ఇప్పుడు మా గ్యాంగ్‌లో రూలు: బండి ఆగిందంటే నోరు మూత. గడియారం లెక్కన చెయ్యి చూపించాలి, బండి ముక్కు పన్నెండు, కుడిచెయ్యి మూడు, ఎడమచెయ్యి తొమ్మిది. "తొమ్మిది" అని గుసగుసలాడితే అందరూ ఎడమకి తిరుగుతారు, "అదిగో ఆ చెట్టు పక్కన" అనే గోల ఉండదు. లేచి నిలబడటం, తట్టడం, ఊగడం లేదు. ముందు రాత్రి రూములో ఒకసారి ప్రాక్టీస్ చేయించండి. నవ్వుతారు, నవ్వనివ్వండి.

ముక్కు కూడా వాడండి. ఒకసారి మోదుగ చెట్టు దాటుతుంటే బాస్మతి అన్నం ఉడుకుతున్న వాసన. బిర్యానీ ఆకలి నెత్తికెక్కిందనుకున్నాం. పులి తన హద్దు చెప్పడానికి చెట్లకు చిమ్మే ద్రవంలో, బాస్మతికి సువాసన ఇచ్చే పదార్థమే ఉంటుందని తర్వాత తెలిసింది.

ఏనుగుల దగ్గర వేరే మర్యాద

మాలో పలమనేరు వాడొకడున్నాడు. ఒడ్డున ఏనుగుల్ని చూసి అందరం "ఎంత ముద్దుగా ఉన్నాయో" అంటుంటే వాడు మాత్రం మాట్లాడలేదు. చిన్నప్పుడు రాత్రిళ్లు పొలాల్లో టపాకాయలు పేల్చి, డప్పులు కొట్టి ఏనుగుల్ని తరిమినవాడు వాడు. 2025 మేలో విధానసౌధ దగ్గర కర్ణాటక మన ఆంధ్రప్రదేశ్‌కు నాలుగు కుంకీ ఏనుగుల్ని (అడవి ఏనుగుల్ని తరమడానికి, పట్టడానికి శిక్షణ ఇచ్చినవి) అప్పగించింది వాళ్ల ఊళ్ల వైపు బాధ తీర్చడానికే. వాడి దగ్గరే నేను ఏనుగును చదవడం నేర్చుకున్నాను.

మందను నడిపించేది ముసలి ఆడ ఏనుగు. పిల్లలు మధ్యలో ఉంటాయి. ఆడవాటికి బయటికి దంతాలుండవు, దంతాల్లేని మగవీ ఉంటాయి, కాబట్టి దంతం చూసి తేల్చకండి. చెవులు తీరిగ్గా ఊపుతూ గడ్డి దులుపుకుని తింటుంటే మీరంటే దానికి లెక్కలేదు. చెవులు విప్పి నిలిపి, తొండం లోపలికి మడిచి మీవైపే చూస్తుంటే అది హెచ్చరిక. ఒంటరి మగ ఏనుగుకు కంటికీ చెవికీ మధ్య తడిచార కారుతుంటే మదం మీద ఉందని అర్థం. అప్పుడు "ఇంకాస్త దగ్గరికి పోనీ అణ్ణా" అని డ్రైవర్ని అడగకండి.

కబిని ఒడ్డున నీళ్లలోంచి మొండి మానులు నిలబడి కనిపిస్తాయి, డ్యామ్ కట్టినప్పుడు మునిగిన అడవి అది. అడవి ఏనుగుల్ని గుంపుగా తరిమి పట్టే ఖెడ్డా ఇక్కడ చివరిసారి 1971లో జరిగింది. ఆ చోటు కూడా ఇప్పుడు నీటికిందే. తాతముత్తాతల్ని తరిమి పట్టిన చోటుకే నేడు మందలు నీళ్లకొస్తాయి. మా పలమనేరు వాడు ఆ సాయంత్రం బైనాక్యులర్స్ ఎవరికీ ఇవ్వలేదు.

పులి కనిపిస్తే, కనిపించకపోతే

కనిపిస్తే మొదటి పది సెకన్లు కెమెరా ఎత్తకండి. చాలాసార్లు మొత్తం దర్శనమే ముప్పై సెకన్లు ఉంటుంది, అందులో ఇరవై ఫోకస్ సరిచేసుకోవడంలో పోతాయి. నా మొదటి పులి ఫొటోలో ఉన్నది ముందు సీటువాడి టోపీ.

కనిపించకపోతే డ్రైవర్ని నిలదీయకండి, ఆయన జేబులో పులి లేదు. అడవిదున్నల కాళ్లకు తెల్ల మేజోళ్లు తొడిగినట్టుండటం, కొమ్మ మీంచి కొమ్మకు దూకే బెట్టుడత, ఒడ్డున నోరు తెరుచుకుని ఎండ కాగే మొసలి, ఇవన్నీ చూసే టైమ్ దొరికిందనుకోండి. బస్సులో అందరూ పులి పులి అంటుంటే రేచుకుక్కల గుంపు పక్కనుంచి దాటిపోవడం నేను రెండుసార్లు చూశాను. నన్నడిగితే వాటి వేట పులికన్నా గొప్ప.

రాత్రి, తిరుగు ప్రయాణం

రూము అడవి అంచున ఉంటే చీకటి పడ్డాక బయట నడవకండి. స్పీకర్, పాటలు, కేకలు వద్దు. పొద్దున సఫారీకి ఐదింటికి లేవాలి కాబట్టి పేకాట పదింటికి ఆపండి. ఆ మాట చెప్పడానికి గ్యాంగ్‌లో ఒక పెద్దమనిషిని ముందే పెట్టుకోవాలి.

పొద్దున సఫారీ అయ్యాక టిఫిన్ చేసి పదకొండుకల్లా బయల్దేరండి. నాలుగు దాటితే కెంగేరి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు. పులి ఫొటో ఇన్‌స్టాలో పెడితే అదే రోజు, ఏ జోన్‌లో ఏ చెరువు దగ్గర అన్నది రాయకండి. మర్నాడు అన్ని బండ్లూ అక్కడే వాలతాయి. వెళ్లేటప్పుడు బిడదిలో ఆగనివ్వని ఇడ్లీవాణ్ని వచ్చేటప్పుడు దిగనివ్వండి. మద్దూరు దగ్గర సర్వీస్ రోడ్డుకి దిగి మద్దూరు వడ వేడివి ఓ డజను కట్టించుకుంటే, కారులో ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో లెక్కలు తేలేలోపు అయిపోతాయి.